కార్తీకంలో కోడిగుడ్లు



ఇవాళ మీతో కోడిగుడ్ల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. వండడం గురించి కాదు సుమండీ, వండకుండా నిలవ ఉంచడం గురించి. "బజారుకి వెడితే ఎప్పుడు పడితే అప్పుడు దొరికే వస్తువేగదా, దానికింత ఆలోచనెందుకు?" అంటారేమో. కొని తెచ్చుకునే వాళ్ళకి ఆ బాధ లేదు. పెరట్లోనో, మేడ మీదో నాలుగు కోళ్ళని పెంచుకుంటున్న ఇల్లాళ్ళకి మాత్రం ఏటా ఓ నెల ఈ సమస్య వచ్చి తీరుతుంది. అది కార్తీకమాసం.

మన ఇళ్ళల్లో చాలా మంది ఆ నెలంతా గుడ్డు ముట్టరు. ఆ సంగతి కోడికేం తెలుసు? వానలు వెనకబట్టి, పచ్చగడ్డీ పురుగూ పుట్రా బాగా దొరికే రోజులవి. ఎండ తాపం ఉండదు. మార్చి ఏప్రిల్ నెలల్లో పొదిగించిన పిల్లలు సరిగ్గా ఆ రోజులకే ఎదిగి కొత్తగా గుడ్లు పెట్టడం మొదలెడతాయి. రోజుకి మూడు గుడ్లు వచ్చినా నెల తిరిగేసరికి తొంభై. పంచిపెడదామంటే ఇరుగుపొరుగు వాళ్ళూ కార్తీకమే చేస్తున్నారాయె!

చలిదేశాల్లో దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ చలికాలంలో కోళ్ళు గుడ్లు పెట్టడమే మానేస్తాయి. కోడి బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకి పద్నాలుగు గంటలకి తగ్గకుండా వెలుతురు కావాలి. లండనులో డిసెంబరులో పగలు 8 గంటలైనా ఉండదు. అంచేత అక్కడి ఆడవాళ్ళు వసంతకాలపు గుడ్లని చలికాలానికి దాచుకునేవారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండులో ఎందరో గృహిణులు బకెట్లలో వాటర్ గ్లాస్, అంటే సోడియం సిలికేట్ కలిపిన నీళ్ళు పోసి, అందులో గుడ్లు ముంచి నెలల తరబడి ఉంచుకున్నారు. మన హైదరాబాదులో ఎంత చిన్న పగలైనా పదకొండు గంటలుంటుంది. మన కోళ్ళు చలికాలంలో కాస్త తగ్గుతాయే గాని బొత్తిగా మానవు. వాళ్ళది గుడ్లు లేని చలికాలం, మనది గుడ్లుండీ తినని నెల. దాచుకోవలసిన పని మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇక నా సంగతి చెబుతాను. చెప్పుకోడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఆ ఏడు మా అమ్మాయి తొలిచూలు పురిటికి మార్గశిరంలో రావలసి ఉంది. మనిషి బొత్తిగా నీరసంగా ఉంది, రోజూ ఓ గుడ్డు పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. మాకు నాలుగు పెట్టలూ ఓ పుంజూ ఉన్నాయి. కార్తీకం నెలంతా నేను ఒక్క గుడ్డు అమ్మలేదు, ఒక్కటి ఎవరికీ ఇవ్వలేదు. మా అమ్మాయి కోసం అని రోజూ సాయంత్రం గూట్లోంచి తీసి, కుళాయి కింద శుభ్రంగా కడిగి, తళతళలాడేలా తుడిచి, గంపలో పేర్చాను. ఆ గంపని వంటింటి అటక మీద పెట్టాను. కింద పొయ్యి, పక్కన ఉల్లిపాయల బుట్ట. డెబ్బై రెండు గుడ్లు పోగయ్యాయి. చూసుకుని ఎంత మురిసిపోయానో!

అమ్మాయి వచ్చిన మర్నాడు పొద్దున్న అట్టు వేద్దామని గిన్నెలోకి వరసగా గుడ్లు కొట్టాను. ఐదు బాగానే ఉన్నాయి. ఆరోది కొట్టగానే, ఆ వాసన ఏమని చెప్పను! ఇల్లంతా కమ్మేసింది. బాగున్న ఐదూ దానితోపాటే పోయాయి. పిల్ల వంటింటి గడపలో నిలబడి ఉందాయె. అప్పుడు మొదలైన వాంతులు ఆ రోజంతా తగ్గలేదు. మిగిలిన వాటిని పెరట్లోకి పట్టుకుపోయి ఒక్కొక్కటే పగలగొట్టి చూస్తే మొత్తం మీద ముప్పై ఒకటి చెడిపోయాయి. అవి పోతే పోయాయి. పురుడొచ్చి, బిడ్డకి మూడో నెల వచ్చేదాకా గుడ్డన్న మాట వింటేనే ఆ పిల్లకి వికారం. ఎవరి కోసం దాచానో ఆ మనిషి ఒక్కటీ తినలేదు.

మా అత్తగారు కార్తీకమే కాదు, ఏ నెలలోనూ గుడ్డు ముట్టరు. ఆవిడ వరండాలో కూచుని ఇదంతా చూసి, "అమ్మాయ్, కడిగావా వాటిని?" అని అడిగారు. కడిగానన్నాను. "మా పుట్టింట్లో పాలేరు పెళ్ళాం కోళ్ళు పెంచేది. పొదగేసే దాకా గుడ్డుకి నీటి చుక్క తగలనిచ్చేది కాదే!" అన్నారు. ఆ మాట నెల ముందు అని ఉండకూడదా అనిపించింది. కాని నేను మాత్రం అడిగానా ఏవిటి!

నేను చేసిన తప్పు ఒకటి కాదు, నాలుగు. అవి విడమరచి చెబితే మీకూ పనికొస్తాయి.

గుడ్డు పెంకు చూడ్డానికి రాయిలా ఉంటుంది గాని దాని నిండా కంటికి కనిపించని సన్నని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. కోడి గుడ్డు పెట్టేటప్పుడే దానిమీద తడిగా ఓ పొర ఉంటుంది. అది ఆరిపోయి ఆ రంధ్రాలని మూసేస్తుంది. దేవుడు వేసిన వార్నీషు అనుకోండి. మనం కడిగితే ఆ పొర పోతుంది. అందులోనూ చన్నీళ్ళతో కడిగితే మరీ చేటు. గుడ్డు లోపలి పదార్థం చల్లబడి ముడుచుకుని, బయట ఉన్న మురికినీటిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి నిలవ ఉంచే గుడ్డుని కడగవద్దు. రెట్ట అంటుకుంటే పొడిగుడ్డతోనో, సన్నని గరుకు కాగితంతోనో మెల్లగా రుద్ది తీసెయ్యండి. మరీ మురికైన దాన్ని వెంటనే వాడేసుకోవాలి తప్ప దాచకూడదు. కడగవలసిందల్లా వండబోయే ముందే. అసలు గూట్లో రెండు మూడు రోజులకోసారి ఊకో గడ్డో మారుస్తూ, రోజుకి రెండుసార్లు గుడ్లు తీస్తూ ఉంటే మురికి గుడ్లు పెద్దగా రావు.

అమెరికాలో బజారు గుడ్లన్నీ కడిగే అమ్ముతారు కదా అని మా అన్నయ్య కోడలు అక్కణ్ణించి ఫోనులో అడిగింది. నిజమే. కాని అక్కడ కడిగిన క్షణం నుంచీ వాటిని చల్లని చోటు నుంచి ఇవతలికి తీయరు. ఐరోపా దేశాల్లో కడగకుండానే అమ్ముతారు. కడిగితే ఫ్రిజ్ తప్పదు, అంతే తేడా.

రెండో తప్పు పుంజు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుందన్న సంగతి చదువుకున్న వాళ్ళల్లో కూడా చాలా మందికి తెలియదు. పుంజుతో కలిసిన పెట్ట గుడ్డులో ప్రాణం ఉంటుంది. వేడి ఇరవై, ఇరవై ఒక్క డిగ్రీలు దాటితే చాలు, అందులో పిండం మెల్లగా కదలడం మొదలెడుతుంది. పిల్ల అయ్యేటంత వేడి ఉండదు, ఊరుకునేటంత చలీ ఉండదు. మధ్యలో చచ్చి కుళ్ళిపోతుంది. మన ఊళ్ళల్లో చలికాలంలో కూడా పగటి వేడి ఇరవై ఎనిమిది, ముప్పై దాకా పోతుంది, ఇక పొయ్యి మీది అటక సంగతి చెప్పాలా? అదే మూడో తప్పు. పిల్లల్ని పొదిగించుకోవాలనే కోరిక లేకపోతే పుంజుని ఉంచుకోకండి. తెల్లవారుజామున నిద్రపోయే ఇరుగుపొరుగు వాళ్ళు కూడా సంతోషిస్తారు.

నాలుగోది ఉల్లిపాయల బుట్ట. గుడ్డు వాసనల్ని పీల్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ఎండుచేపలు, కిరసనాయిలు, ఇవేవీ దాని దగ్గరికి రాకూడదు. తడి తగిలిన ఊకలో పెట్టినా ముక్కవాసన పట్టేస్తుంది.

మరి ఎలా దాచాలి? ఫ్రిజ్ ఉన్నవారికి అంతకన్న మంచి దారి లేదు. కడగని, పగులు లేని, ఆ రోజు పెట్టిన గుడ్లని మూత ఉన్న డబ్బాలో, సన్న కొన కిందికీ బోడి కొన పైకీ వచ్చేలా పేర్చి లోపలి అరలో పెట్టండి. గాలి గది ఉండేది ఆ బోడి వైపునే, అది పైన ఉంటే పచ్చసొన చెదరకుండా మధ్యలో నిలుస్తుంది. తలుపుకున్న గుంటల్లో మాత్రం వద్దు, తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. ఇలా ఉంచితే నెల రోజులు హాయిగా ఉంటాయి. ఒకసారి చల్లబడ్డ గుడ్డుని బయటపెట్టి మళ్ళీ లోపల పెట్టవద్దు. పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడితో సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి.

ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో తేదీ వేసుకోండి. ఇది చిన్న పనే గాని నేను మాత్రం దీన్ని ఎన్నడూ మానను. పాతవి ముందు, కొత్తవి తరవాత.

ఇక్కడో చిక్కుంది. కార్తీకమాసంలో, దేవుడి పాలూ పెరుగూ ఉండే ఫ్రిజ్‌లో గుడ్లు పెడితే మా ఇంట్లో ఊరుకుంటారా? మీ ఇళ్ళల్లోనూ అంతే కదూ! మరుసటి ఏడు నేను సున్నపుతేట పద్ధతి పట్టుకున్నాను. కోళ్ళ పెంపకం పుస్తకాల్లో చెప్పే కొలత ఇది. కిలో కాల్చిన సున్నపు రాళ్ళ మీద లీటరు మరుగునీళ్ళు పోసి, పూర్తిగా చల్లారాక ఐదు లీటర్ల నీళ్ళూ, పావుకిలో ఉప్పూ కలిపి, తేరనిచ్చి, పైతేటని పలచని గుడ్డలో వడగట్టుకోవాలి. మన ఇంటికి అందులో ఐదో వంతు చాలు, అంటే రెండువందల గ్రాముల సున్నం. ఆ తేటలో గుడ్లని పద్నాలుగు నుంచి పద్ధెనిమిది గంటలు ముంచి ఉంచి, తీసి నీడన ఆరబెట్టాలి. సున్నం ఆ రంధ్రాల్లో పట్టి వాటిని మూసేస్తుంది. ఇలా చేసినవి మూడు నాలుగు వారాలు బయటే నిలుస్తాయి.

సున్నం మీద నీళ్ళు పోసినప్పుడు కుతకుతలాడి చిమ్ముతుంది. ఆరుబయట, మట్టికుండలో, పిల్లలు దగ్గర లేకుండా చూసి చెయ్యండి. ముఖం పైకి వంచకండి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అల్యూమినియం పాత్ర అసలు వద్దు, సున్నం దాన్ని తినేస్తుంది. ఆరిన గుడ్లని మట్టికుండలో పెట్టి, తడి ఇసుకలో సగం దాకా పాతి, చుట్టూ తడిపిన గోనెపట్టా కప్పి నీడన ఉంచాను. తడి బయటే ఉండాలి, కుండ లోపలికి దిగకూడదు. ఇలాంటి గుడ్డుని ఉడకబెట్టే ముందు బోడి వైపు సూదితో చిన్న బెజ్జం పెట్టాలి, లేకపోతే లోపలి గాలి బయటికి పోయే దారి లేక పగిలిపోతుంది.

ఆ ఏడు నలభై గుడ్లు అలా పెడితే రెండే పోయాయి. అయినా నా మాటగా చెప్పాలంటే ఇది ఫ్రిజ్‌కి సాటి రాదు. సున్నం బయటి క్రిమిని రానివ్వదు గాని, కోడి కడుపులోనే గుడ్డులోకి చేరిన సాల్మొనెల్లా క్రిమిని ఏమీ చెయ్యలేదు. చల్లగా ఉంటే అది పెరగదు, వెచ్చగా ఉంటే పెరుగుతుంది. నెలల తరబడి వాటర్ గ్లాస్‌లోనూ సున్నపునీళ్ళలోనూ ఉంచే పాత పద్ధతుల్ని ఇవాళ ఆహారశాస్త్రం తెలిసినవారు ఇళ్ళల్లో చెయ్యమనడం లేదు, అందుకే. ఫ్రిజ్ లేనివారు, పెట్టుకునే వీలు లేనివారు మూడు వారాల్లోపు వాడుకునేలా చేసుకోండి. తెల్లసొనా పచ్చసొనా రెండూ గట్టిపడేదాకా ఉడికించండి. పాలల్లో పచ్చిగుడ్డు కొట్టి పిల్లలచేత తాగించడం మన చిన్నతనంలో బలమనుకునేవారు. అది మానెయ్యండి. చంటిపిల్లలకీ, గర్భిణులకీ, ముసలివాళ్ళకీ అసలు కూడదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామంటారా? అత్తగారే ఓ దారి చెప్పారు. ఫ్రిజ్‌లో అన్నిటికన్న కింది అర, బిగుతు మూత ఉన్న డబ్బా, దానికి వేరే గుడ్డ. "నా పాలు పై అరలో, నీ గుడ్లు కింద. ఆ పిల్ల మళ్ళీ పురిటికొస్తుందిగా" అన్నారు. పోయిన కార్తీకం అలాగే గడిచింది.

పరీక్షలు తెలుసుకోండి. గిన్నెడు నీళ్ళల్లో వేస్తే తాజా గుడ్డు అడుగున అడ్డంగా పడుకుంటుంది. పాతదవుతున్నకొద్దీ లోపలి తడి ఆరి గాలి గది పెరిగి నిలబడుతుంది. తేలిందంటే బాగా పాతది, పారెయ్యడం మేలు. ఈ పరీక్ష వండబోయే గుడ్లకే, దాచబోయే వాటికి కాదు, నీళ్ళు తగులుతాయి గదా! దాచేవాటిని చీకటి గదిలో టార్చి వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి. ఎర్రని గీతో వలయమో కనిపిస్తే పక్కన పెట్టెయ్యండి. సన్నని పగుళ్ళూ అప్పుడే తెలుస్తాయి.

గుడ్లు మరీ ఎక్కువైతే పగలగొట్టి, కొద్దిగా ఉప్పు వేసి గిలకొట్టి, చిన్న డబ్బాల్లో ఫ్రీజరులో పెట్టుకోవచ్చు. పెంకుతో మాత్రం పెట్టకండి, చిట్లిపోతాయి.

ఏ గుడ్డునైనా ముందు చిన్న గిన్నెలోకి విడిగా కొట్టి, చూసి, తరవాతే పెద్ద గిన్నెలోకి వంపండి. మా అమ్మాయి ఇప్పటికీ కొట్టిన ప్రతి గుడ్డునీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. నేను పక్కనుంటే నావైపోసారి చూస్తుంది కూడాను. పెంకుల్ని పారెయ్యకండి, బాగా ఎండబెట్టి పొడి చేసి మళ్ళీ కోళ్ళకే వెయ్యండి, వాటి గుడ్లకి పెంకు గట్టిపడుతుంది.

సెలవు.