హవాయి అగ్నికొండ - మన సముద్రపొడ్డు
(బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అక్కా, నువ్వు అగ్నిపర్వతం చూసొచ్చావంట గదా, దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాల" అన్నాడు. ముప్పై రెండేళ్లు సోషల్ టీచరుగా పనిచేసినదాన్ని. ఇరవై నిమిషాలంటే నాకు సగం పీరియడే. అయినా గడియారం చూసుకుంటూనే మాట్లాడతాను. భోజనంలో చేపల పులుసు ఉందని నాకూ తెలుసు.

మా అమ్మాయి, అల్లుడు కాలిఫోర్నియాలో ఉంటారు. 2025 జూన్ మొదట్లో వాళ్లు మమ్మల్ని హవాయికి తీసుకెళ్లారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి విమానంలో ఐదు గంటలు పైచిలుకు ప్రయాణం. పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన ఉన్న దీవులవి. వాటిలో పెద్ద దీవిలో హిలో అనే ఊరుంది. ఆ ఊరి నుంచి దాదాపు 48 కిలోమీటర్లు పైకి ఎక్కితే హవాయి అగ్నిపర్వతాల జాతీయ ఉద్యానవనం వస్తుంది. 1916లో ఏర్పాటు చేశారు. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాంట్లో రెండు బతికున్న అగ్నిపర్వతాలున్నాయి. ఒకటి మౌనా లోవా, ఎత్తు 4,169 మీటర్లు. 2022 నవంబరులో పేలింది. రెండోది కిలవేయా. మేము చూసింది దీన్నే.

అగ్నిపర్వతమంటే నేను పిల్లలకు బోర్డు మీద గోపురంలాగా బొమ్మ గీసి, పైన పొగ పెట్టేదాన్ని. కిలవేయా అట్లా ఉండదు. బోర్లించిన మూకుడులాగా పరుచుకుని ఉంటుంది. పైన కొన్ని కిలోమీటర్ల వెడల్పున పెద్ద గుంట, అందులో హలేమౌమౌ అనే ఇంకో లోతైన గుంట. చుట్టూ అడవి, చలి. దారి పక్కన నేలలోని పగుళ్ల నుంచి ఆవిరి వస్తూ ఉంటుంది. వాన నీళ్లు లోపలికి ఇంకి, వేడి రాళ్లకు తగిలి ఆవిరై మళ్లీ పైకొస్తాయి. చేయి పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఉంటుంది. ఇంకో చోట గంధకం వాసన. అక్కడి రాళ్లన్నీ పసుపు పూసినట్టున్నాయి.

2024 డిసెంబరు 23న ఆ గుంటలో కొత్తగా లావా పొంగడం మొదలైంది. ఆగకుండా పారేది కాదది. కొన్ని గంటలు ఎగజిమ్మి ఆగిపోతుంది. కొన్నాళ్లు ఊపిరి పీల్చుకుని మళ్లీ లేస్తుంది. మేము పోయిన రోజు పొగ తప్ప ఏమీ లేదు. మావారు "ఇంత దూరం వచ్చింది పొగ చూడ్డానికా? మా ఇంట్లో కట్టెల పొయ్యి లేదా?" అన్నారు. ఆ వారంలోనే ఒక రాత్రి లేచింది.

చీకట్లో ఎర్రటి నిప్పు ధార వందల అడుగుల ఎత్తుకు లేచి, విచ్చుకుని, కింద పడి కాలవలై పారింది. మేము నిలబడ్డది కిలోమీటరుకు పైగా దూరంలో. అయినా మొహానికి సెగ తగిలింది. వెలుగు ముందు కనిపించింది, హోరు తర్వాత వినిపించింది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు వెలుగు కనిపించిన కాసేపటికి మన కిటికీ తలుపులు గడగడమంటాయే, అట్లాంటి హోరు. ఇది గంటల తరబడి ఆగలేదు. ఆ లావా వేడి దాదాపు 1,150 డిగ్రీల సెల్సియస్. గాలికి సన్నటి గాజు పోగులు కూడా కొట్టుకొస్తాయి. కంట్లో పడితే ప్రమాదమని పార్కు సిబ్బంది ముందే చెప్పారు. ఆ పోగులను అక్కడివాళ్లు పెలే వెంట్రుకలంటారు.

పెలే వాళ్ల అగ్ని దేవత. హలేమౌమౌ ఆమె ఇల్లని హవాయి మూలవాసుల నమ్మకం. అక్కడి రాయి ఒక్కటి కూడా తేకూడదు. చట్టం కూడా ఒప్పుకోదు. తెలియక రాళ్లు పట్టుకుపోయినవాళ్లు, ఇంట్లో ఏదో కీడు జరిగిందని వాటిని పోస్టులో పార్కుకు తిరిగి పంపుతుంటారంట. మావారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టి, "మన వెంకటగిరి పోలేరమ్మకు చెల్లెలయినట్టుంది ఈ పెలేరమ్మ" అన్నారు. నేను నవ్వాను గానీ నేనూ దణ్ణం పెట్టుకున్నాను.

పిల్లలూ, మీకొక సందేహం రావాలి. పేలే అగ్నిపర్వతం దగ్గరికి జనాన్ని ఎట్లా పోనిస్తారు? సమాధానం మీ వంటింట్లో ఉంది. గంజి ఉడికేటప్పుడు చూడండి. పలచగా ఉంటుంది కాబట్టి ఆవిరి సులువుగా బయటికొస్తుంది, గంజి పొంగి పారుతుంది. రాగి సంకటి ఉడికేటప్పుడు? చిక్కగా ఉంటుంది కాబట్టి ఆవిరి లోపల ఇరుక్కుని, ఒక్కసారి చిట్లి చేతి మీద పడుతుంది. హవాయి లావా గంజి లాంటిది. ఇండోనేసియాలోని చాలా కొండలది సంకటి వ్యవహారం. 1883లో క్రకటోవా అట్లా పేలినప్పుడు లేచిన అలలు, బాగా చిన్నవై, మద్రాసు రేవులో నీటిమట్టం కొలిచే యంత్రం మీద కూడా నమోదయ్యాయి. అంతకు చాలా ముందు, సుమారు 74,000 ఏళ్ల కిందట, సుమత్రాలోని టోబా పేలితే ఆ బూడిద మన రాయలసీమ దాకా వచ్చి పడింది. బనగానపల్లె దగ్గర ఒక ఊళ్లో ఆ బూడిద పొర ఇప్పటికీ ఉంది. ఆ ఊరి పేరు జ్వాలాపురం!

మన దేశంలో బతికున్న అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్‌లోని బ్యారెన్ దీవి. పోర్ట్‌బ్లెయిర్‌కు 138 కిలోమీటర్ల దూరం. మనూరి రేవులో నిలబడి తూర్పుకు చూస్తే, ఈ బంగాళాఖాతానికి అవతలి పక్కన ఉంది అది. మన భూఫలకం అక్కడ ఇంకో ఫలకం కిందికి దూరుతోంది. ఆ దూరుడు వల్లే అగ్నిపర్వతం, ఆ దూరుడు వల్లే భూకంపాలు. 2004 డిసెంబరు 26 కూడా ఆ దూరుడు తెచ్చిందే. నేను ఇవాళ అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే మొదలు.

కిలవేయా అంచున 1912లో థామస్ జాగర్ అనే శాస్త్రవేత్త ఒక పరిశీలన కేంద్రం పెట్టించాడు. అంతకు పదేళ్ల ముందు, 1902లో, మార్టినిక్ దీవిలో కొండ పేలి సెయింట్ పియర్ అనే ఊరు ఊరంతా మాడిపోయింది. దాదాపు 28,000 మంది చనిపోయారు. జాగర్ అక్కడికి పోయి ఆ బూడిద కళ్లారా చూసినవాడు. ఆ తర్వాతే కొండ పక్కనే కూర్చుని రోజూ దాని నాడి చూసేవాళ్లు ఉండాలని పట్టుబట్టాడు. నూరేళ్లు దాటినా ఆ పని ఆగలేదు. 2018లో కిలవేయా కింది వైపు ఇళ్ల మధ్యలోనే నేల పగిలి లావా పారింది. ఏడొందలకు పైగా ఇళ్లు పోయాయి. పైన గుంట కుంగి, పరిశీలన కేంద్రం భవనమే దెబ్బతింది. కానీ ఆ లావాలో ఒక్క ప్రాణం పోలేదు. ముందే చెప్పారు, జనం విని ఇళ్లు వదిలారు.

అదే దీవిలో, విననప్పుడు ఏం జరిగిందో కూడా చూశాను. హిలోలో ఒక సోమవారం పొద్దున 11:45కి ఊరంతా సైరన్ మోగింది. మావారు గబుక్కున లేచి నిలబడ్డారు. కొట్టు ఆమె నవ్వి, ఇది పరీక్ష, ప్రతి నెలా మొదటి పనిదినాన మోగిస్తారని చెప్పింది. ఎందుకింత పట్టింపు అని అడిగితే సముద్రపొడ్డున ఒక గడియారం చూసి రమ్మంది. చూశాం. ముళ్లు 1:04 దగ్గర ఆగి ఉన్నాయి. 1960 మేలో చిలీలో భూకంపం వచ్చింది. దాని అల పసిఫిక్ దాటి హిలో చేరడానికి దాదాపు పదిహేను గంటలు పట్టింది. రాత్రి ఎనిమిదిన్నరకే సైరన్ మోగించారు. అయినా చాలామంది కదల్లేదు. అంతకుముందు సైరన్ మోగిన సార్లు చిన్న అలలే వచ్చాయి. కొందరైతే అల ఎట్లా వస్తుందో చూద్దామని ఒడ్డుకే వచ్చారు. అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నాలుగు నిమిషాలకు అల వచ్చింది. 61 మంది పోయారు.

హిలోకు ఉత్తరంగా లౌపాహోయిహోయి అనే చోట ఒక బడి ఉండేది, మన బడిలాగే సముద్రానికి దగ్గర్లో. 1946 ఏప్రిల్ 1 ఉదయం నీళ్లు వెనక్కి పోయి సముద్రం అడుగు బయటపడితే, వింత చూద్దామని పిల్లలు దిగారు. అక్కడ పిల్లలు, ఉపాధ్యాయులు కలిసి ఇరవై మందికి పైగా కొట్టుకుపోయారు. ఏప్రిల్ ఒకటి కాబట్టి, అల వస్తోందని అరిస్తే హాస్యమనుకున్నవాళ్లూ ఉన్నారట. ఆ పేర్లున్న రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయి రెండుసార్లు పిలిచింది.

ఆ అల తర్వాతే 1949లో హవాయిలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. 2004లో సుమత్రా భూకంపం వచ్చింది మన టైము ప్రకారం ఉదయం 6:29కి. కాసేపట్లోనే ఆ కేంద్రంవాళ్లు గుర్తించారు. కానీ వాళ్ల హెచ్చరికలు పోయేది పసిఫిక్ దేశాలకు. హిందూ మహాసముద్రానికి అప్పటికి అట్లాంటి ఏర్పాటు లేదు. అల మన తీరానికి రావడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలు ఇక్కడ అందరూ ఆదివారం పనుల్లో ఉన్నారు. మన రాష్ట్రంలో నూరు మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మన జిల్లావాళ్లూ ఉన్నారు.

అప్పుడు నేను ఈ తీరంలోనే వేరే బడిలో పనిచేస్తున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్లవాడి నాయన మొదటి అలకు తప్పించుకున్నాడు. నీళ్లు తీసిపోయాక వలలు తెచ్చుకుందామని మళ్లీ దిగాడు. రెండో అలకు పోయాడు. సునామీ అంటే ఒక్క అల కాదని ఆయనకు చెప్పినవాళ్లు లేరు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్లవాడు బడికి రాలేదు, పడవెక్కాడు. హాజరు పట్టీలో ఆ పేరు పిలిచి ఆగిపోవడం నాకు ఇంకా గుర్తు.

ఇప్పుడు మనకూ ఏర్పాటుంది. 2007 అక్టోబరు నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రీపగలూ పనిచేస్తోంది. హైదరాబాదు నుంచి కబురు నిమిషాల్లో వస్తుంది. ఆ కబురు అందాక మన పట్టపుపాలెంలో ముసలమ్మను ఎవరు ఎత్తుకోవాలి, ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం హైదరాబాదువాళ్లు చెప్పలేరు. గాలివాన వస్తుందని మైకులో చెప్పి రాకపోతే "ఎప్పుడూ ఇంతేలే" అంటాం. హిలోవాళ్లు అన్నదీ అదే మాట. 1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటిన రాత్రి, ఈ బడి గదుల్లో తలదాచుకున్నవాళ్లు ఈ సభలో ఎంతోమంది ఉన్నారు. ఆ రాత్రి మైకు మాట విన్నాం కాబట్టే ఇవాళ ఇక్కడున్నాం.

అందుకని సంఘాన్ని మూడు కోరుతున్నాను.

మొదటిది, నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఏటా ఆ రోజు గంట కొట్టి, పిల్లలందరినీ ఎత్తయిన చోటికి నడిపించాలి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టాలి. మరుసటేడు అంతకంటే తగ్గాలి. ఒడిశాలో కొన్ని తీర గ్రామాలు ఇట్లాగే కష్టపడి యునెస్కో వారి సునామీ సిద్ధ గ్రామాలన్న గుర్తింపు తెచ్చుకున్నాయి. మనూరికీ ఆ ప్రయత్నం చేద్దాం.

రెండోది, 2004లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపించే గుర్తు మనూళ్లో ఒక్కటీ లేదు. చూసినవాళ్లు ఉండగానే ఆ చోట ఒక రాయి పాతిద్దాం. ఇరవై ఏళ్ల లోపు పిల్లలకు ఆ రోజు ఒక కథ మాత్రమే. రాయి ఉంటే పక్కన నిలబడి ఎత్తు కొలుచుకుంటారు.

మూడోది మీకు, పిల్లలూ. నేల గట్టిగా కదిలినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, ఎప్పుడూ లేని హోరు వినిపించినా, ఎవరినీ అడగొద్దు. ఒడ్డు వదిలి పరుగెత్తండి. మొదటి అల పోయిందని దిగొద్దు. పెద్దవాళ్లు పొమ్మనేదాకా రావొద్దు. ఈ మాట ఇవాళ రాత్రి అన్నం దగ్గర మీ ఇంట్లో చెప్పాలి. రేపు సోమవారం మీ సోషల్ టీచరు ఎవరు చెప్పారో, ఎవరు చెప్పలేదో అడుగుతుంది. ఆమెతో నేను ముందే మాట్లాడుకున్నాను.

గుర్తు రాయి ఖర్చులో మొదటి పదివేలు నావి. కోశాధికారి గారు రసీదు పుస్తకం తెచ్చారనే అనుకుంటున్నాను.