వేరు మిగిలిన వ్యాధి

మా ఆలేరు చుట్టుపట్ల చేను దున్నిన ప్రతివానికిని తుంగ యెట్టిదో తెలియును. గుంటక తోలినను, కొడవలితో కోసినను పైమొక్క పోవును. నేలలో దుంప మిగిలినచో తొలకరికి మరల లేచును. క్యాన్సరును గూర్చి నేడు నేను విన్నవింపదలచిన విషయము దీనికి దగ్గరగా నున్నది.

పెద్దలు రాచపుండని పిలిచిన ఈ వ్యాధి ఊపిరితిత్తులకు వచ్చినపుడు వైద్యులు కంతిని కోసి తీయుదురు, మందులిత్తురు, కిరణములతో మాడ్తురు. కొందఱు స్వస్థులగుదురు. కొందఱికి ఏడాదికో రెండేండ్లకో కంతి మరల మొలచును. తీసివేసినది తిరిగి యెట్లు వచ్చెనని గ్రామములలో నన్ను పలువు రడుగుచుందురు. కత్తి తగిలినందుననే పెరిగెనని కొందఱి నమ్మకము. ఆ భయముతో శస్త్రచికిత్స మాని ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారును గలరు. నిజమైన కారణము వేఱు.

ఈ ప్రశ్నకు మన తెలుగువాని పనితో సంబంధము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు అమినోప్టెరిన్ అను మందు సిద్ధమయ్యెను. దానిని రక్తపు క్యాన్సరు గల పిల్లల కిచ్చిన బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ఫలితమును ప్రకటించెను. పిల్లలు పలువురు తేఱుకొనిరి. కాని కొంతకాలమునకే వ్యాధి తిరిగి వచ్చెను. ఆ యేటనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

1994లో కెనడా దేశమున టొరంటో నగరమందలి జాన్ డిక్ బృందము, మఱియొక రకపు రక్తపు క్యాన్సరును శోధించి, వ్యాధిని మరల పుట్టింపగలవి మిక్కిలి కొద్ది కణములు మాత్రమే యని చూపెను. వానికి క్యాన్సరు మూలకణములని పేరు. ఊపిరితిత్తుల కంతిలోను అట్టివి కలవని 2008లో రోము నగరమున ఎరామో, డి మరియా మున్నగువారు ప్రకటించిరి.

వానిని వేఱుచేయు విధమును చెప్పెదను. శస్త్రచికిత్సలో తీసిన కంతినుండి చిన్న ముక్కను చల్లని ద్రవమందుంచి త్వరగా ప్రయోగశాలకు చేర్తురు. దానిని సన్నగా తఱిగి, కణముల బంధములను కరిగించు ఎంజైముతో కలిపి, వెచ్చగా నుంచి, సన్నని జల్లెడలో వడగట్టుదురు. విడివడిన కణములను సీసాలో పోసి, 37 డిగ్రీల వేడిమిని, 5 శాతము బొగ్గుపులుసు గాలిని కల్పింతురు. సామాన్యముగా కణములను పెంచుటకు పశువుల నెత్తుటినుండి తీసిన సీరమును వాడుదురు. ఇచ్చట దానిని వాడక, పెరుగుదలకు వలసిన కొన్ని మాంసకృత్తులను మాత్రము కొలత ప్రకారము కలుపుదురు. సీసా అడుగున కణము లంటుకొనకుండ పూత యుండును. నిలద్రొక్కుకొన చోటులేక పెక్కు కణములు నశించును. మూలకణములు తేలుచునే ఒకటి రెండై, రెండు నాలుగై, కొన్ని వారములకు చిన్న చిన్న ఉండలు కట్టును.

ఉండలు కట్టినంతమాత్రమున శాస్త్రజ్ఞులు నమ్మరు. వానిలో కొన్ని కణములను రోగనిరోధకశక్తి లేని ఎలుక కెక్కింతురు. రోగి కంతిని పోలిన కంతి దానికి పుట్టినచో మూలకణములని నిశ్చయింతురు. పిదప ఏ మందునకు అవి లొంగునో ఆ ఉండలపై పరీక్షింతురు.

అతిగా ఆశపెట్టుట న్యాయము గాదు. ఈ కణములనే వెదకి చంపు మందు ఊపిరితిత్తుల క్యాన్సరునకు నేటికిని వాడుకలోనికి రాలేదు. పైగా సామాన్యకణము సయితము ఒక్కొకప్పుడు మూలకణముగా మారగలదని తేలినది. కావున తుంగ పోలిక కొంతవఱకే చెల్లును.

పెద్దలారా, మీ మాటకు ఊరిలో విలువ గలదు గనుక మూడు సంగతులు మనవి చేసెదను. మొదటిది: కత్తి వ్యాధిని పెంచదు, ఆలస్యము పెంచును. మూడు వారములు దాటిన దగ్గు, కఫమున నెత్తురు, కారణము లేక చిక్కిపోవుట కనబడినచో వెంటనే పరీక్ష చేయింపవలెను. క్షయకును ఇవియే గుర్తులు; ఆ మందునకు తగ్గనిచో మరల చూపవలెను. హైదరాబాదున 1955లో స్థాపింపబడిన ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వమువారిది. రెండవది: పొగత్రాగుటకును ఈ వ్యాధికిని గల సంబంధమును 1950లోనే డాల్, హిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు లెక్కలతో చూపిరి. బీడీ, చుట్ట మానుడు. కాని ఎన్నడును త్రాగనివారికిని ఇది వచ్చును; రోగిని నిందింపవలదు.

మూడవది: తీసిన కంతిలో ముక్కను పరిశోధనకు ఇత్తురా యని వైద్యులు కాగితముపై సమ్మతి కోరవచ్చును. దానిని తెలుగున చదివించుకొని, సందేహములను అడిగి తెలిసికొనుడు. వలదన్నను చికిత్సకు లోపము రాగూడదు. ఇచ్చినచో, మీ దేహమునుండి తీసివేసిన ఆ ముక్క, రేపు మఱియొకరి యింట వ్యాధి మరల మొలవకుండ చేయు యత్నమునకు విత్తనమగును.