యాసకు వెఱవవలదు
(సంఘ సభయందు చేసిన ప్రసంగము)



హీబ్రూ లిపియందలి 22 అక్షరములును ప్రధానముగ హల్లులే. అచ్చులను తెలుపు చుక్కలను తిబెరియా పండితులు తరువాత నేర్పరచిరి. యూదులు దేశదేశముల స్థిరపడుటచే ఉచ్చారణము మాఱెను. ఒకరి 'షబ్బాత్' మఱియొకరికి 'షబ్బోస్' అయ్యెను. 1881లో పాలస్తీనా చేరిన ఎలియెజర్ బెన్ యెహూదా తన యింట హీబ్రూనే పలికించెను. నేడు పెక్కుమంది అలెఫ్, అయిన్‌లను ఒకేరీతిగ పలికినను వ్రాతలో రెండును నిలిచినవి. 1953లో నెలకొన్న హీబ్రూ భాషా అకాడమీ, చుక్కలు లేని వ్రాతకు గల నియమములను 2017లో సవరించెను.

వర్తకులమగు మాకు తోచునది యిది: తూకపురాళ్లు ఊరికొకతీరుగ నుండిన బేరము సాగదు, వ్రాతయు నంతే. పలుకుబడి యట్లు కాదు. మన పిల్లల తెలుగున పొరుగుభాష యాస యున్నదని నవ్వితిమేని, వారు నోరు మూసికొందురు. యాసతోనే మాటాడనిండు; వ్రాత మనమే కూర్చుండి నేర్పుదము.