మెయిల్ పంపడం వేరు, అందడం వేరు
(కోయంబత్తూరులో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు చదివే పిల్లలకు పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పమన్నారు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం, ట్రస్టు ఉత్తరాలు ట్రస్టు పేరుతోనే వెళ్ళాలని సొంత మెయిల్ సర్వరు పెట్టే పని నెత్తికెత్తుకున్నాను. ఆఫీసులో మూలనపడ్డ పాత కంప్యూటరు మీద మొదలుపెట్టాను. కుదరలేదు. మామూలు బ్రాడ్‌బ్యాండుకు ఐపీ నెంబరు మారుతూ ఉంటుంది. పైగా మెయిల్ బయటికి వెళ్ళే 25వ పోర్టును చాలాచోట్ల మూసి ఉంచుతారు. చివరికి నెల బాడుగకు ఒక చిన్న సర్వరు తీసుకొని, అందులో డెబియన్ లినక్స్ వేశాను. ఉత్తరాలు పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్; వచ్చినవి దాచి చదివించడానికి డవ్‌కాట్. మొదటిది వీత్సె వెనేమా 1998లో విడుదల చేసినది, రెండోది ఫిన్లాండు వాడు టిమో సిరైనెన్ 2002లో తెచ్చినది. రెండూ ఉచితమే. ఒక ఆదివారంలో పని ముగిసింది. నాకు నేనే ఒక మెయిల్ పంపుకొని మురిసిపోయాను.

ఆ వారమే ఇంటర్వ్యూ ఉత్తరాలు నూటికి పైగా ఒకే రాత్రి పంపాను. సర్వరు లాగులో ప్రతి ఉత్తరానికీ 250 అని జవాబు వచ్చింది. అంటే అవతలి సర్వరు తీసుకుందని. అందరికీ అందిందనుకొని నిద్రపోయాను.

ఇంటర్వ్యూలైపోయిన మూడో రోజు, మధురై వైపు నుంచి ఒక తండ్రి కూతురితో రాత్రి బస్సెక్కి వచ్చాడు. "పిలుపే రాలేదు సార్" అన్నాడు. "పంపామన్నా" అని నేను లాగు తీసి చూపించాను. ఆ పిల్ల తన ఫోను తెరిచింది. ఉత్తరం స్పామ్ ఫోల్డరులో ఉంది. తీసుకున్నామన్నారంతే, ఎక్కడ పెట్టామో చెప్పలేదు. అప్పటికే ఆ ఏడాది డబ్బు పంచేశారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నయంగా ఉండేది.

తప్పెక్కడో వెతికాను. మనలో సంబంధం వస్తే ఏం చేస్తాం? వాళ్ళు చెప్పిన ఇంటిపేరు విని ఊరుకోం, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళకు ఫోను చేసి అడుగుతాం. మెయిల్ సర్వర్లూ అంతే. నా సర్వరు ట్రస్టు పేరు చెప్పింది. అవతలివాళ్ళు ఆ ఐపీ నెంబరుకు ఏ పేరుందని విచారిస్తే, బాడుగకిచ్చిన కంపెనీ పేరు వచ్చింది. దీన్ని రివర్స్ డీఎన్ఎస్ అంటారు. దాన్ని మార్చమని కంపెనీవాళ్ళను అడగాలి. నేను అడగలేదు. మన పేరుతో ఉత్తరం పంపే హక్కు ఏ సర్వరుకుందో చెప్పే ఎస్పీఎఫ్ లేదు, ఉత్తరం మీద ముద్రలాంటి డీకిమ్ లేదు. పైగా ఎవరికీ ముఖపరిచయం లేని కొత్త నెంబరు నుంచి ఒకేసారి నూరు ఉత్తరాలు. నేనే అవతలి సర్వరునైతే నేనూ అనుమానించేవాణ్ణి.

అవన్నీ సరిచేసి, రోజుకు కొన్ని చొప్పున పంపుతూ పోతే, కొన్ని వారాలకు ఉత్తరాలు ఇన్‌బాక్సులో పడసాగాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నియమాలను ఇంకా బిగించాయి. రోజుకు ఐదు వేలకు మించి జీమెయిల్‌కు పంపేవారికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాల్సిందే. మనలాంటి చిన్నవాళ్ళకూ మొదటి రెంటిలో ఒకటైనా, సరైన రివర్స్ డీఎన్ఎస్ ఉండాలి.

ఇంత బాధ ఎందుకని అడగవచ్చు. మన జి.డి. నాయుడు గారు మోటారు సైకిలు విప్పి మళ్ళీ బిగించి యంత్రాలు నేర్చుకున్నారని ఈ ఊళ్ళో చెప్పనివాళ్ళు లేరు. అవినాశి రోడ్డులో ఆయన మ్యూజియం చూడని పిల్లలుంటే చూడండి. ఇంటర్నెట్టు ఎలా నడుస్తుందో తెలియాలంటే మెయిల్ సర్వరంత మంచి పాఠం నాకు కనబడలేదు. విప్పండి, బిగించండి. అయితే కాలేజీ అప్లికేషనులో మాత్రం ఆ అడ్రసు రాయకండి. రాత్రి అది ఆగిపోతే లేచి చూసేది మీరొక్కరే.

మరుసటేడు ఆ అమ్మాయికి వేతనం అందింది. పోయిన ఏడాది ఫీజు మాత్రం ఆ తండ్రి వడ్డీకి తెచ్చే కట్టాడు. అప్పటినుంచి ఉత్తరం పంపిన మర్నాడు ఆఫీసు నుంచి ఫోను కూడా చేస్తున్నారు. ఫారంలో తండ్రి నెంబరు, తల్లి నెంబరు రెండూ అడిగేది అందుకే. ఏదీ ఖాళీగా వదలకండి.