కౌజు పిట్టల వేటకు తుపాకి

నల్లగొండ, మహబూబునగరు మెట్టలలో ఒకప్పుడు వేటగాండ్రు ఇద్దరు కలసినచో, ఎవరి తుపాకి ఎంత దూరము కొట్టునన్న వాదమే నడచెడిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి, 1991లో మరింత బిగిసిన పిదప ఆ వేట నేరమైనది. అయినను ఆ వాదములోని పొరపాటు చెప్పుకొనదగినది. వారికి తుపాకిని గూర్చి తెలిసినంత పిట్టను గూర్చి తెలియదు.

కౌజు ఎగురుటకంటె పరుగెత్తుటకే ఇష్టపడును. సీతాఫలపు పొదలలో, ఆముదపు చేల గట్ల వెంబడి నడచి నడచి, మనిషి మీదికి వచ్చినగాని లేవదు. బుర్రున లేచి, కొద్ది దూరములోనే మరియొక పొద చాటున వాలును. 20, 30 గజములలోపలనే పని తేలవలెను. 60 గజముల గొప్పతో దానికేమి పని?

12 బోరు అనగా ఆ గొట్టమునకు సరిపడు సీసపు గుండ్లు 12 తూచినచో ఒక పౌను. అంకె పెరిగిన కొలది గొట్టము సన్నము. 20 బోరు తేలిక. మాకు నచ్చినది 12 బోరు జోడు గొట్టముల తుపాకి, బరువు 3 కిలోలకు మించనిది. ఎండలో, రాళ్ల మీద మోయవలసినది గదా! గొట్టపు కొసను కొంత ఇరుకు చేయుటను చోకు అందురు. ఇరుకైనచో రవ్వలు గుంపుగా దూరము పోవును. వదులైనచో దగ్గరనే విచ్చుకొనును. కుడి గొట్టము వదులుగా, ఎడమది కొంత ఇరుకుగా నుండవలెను. దగ్గర లేచిన పిట్టకు మొదటిది, తొలగిపోవుదానికి రెండవది. పూర్తి ఇరుకు గొట్టముతో దగ్గరి కౌజును కొట్టినచో మిగులునవి ఈకలే. కౌజుకు 6 లేక 7వ నంబరు రవ్వలు, పూరేడునకు ఇంకను సన్నవి, 8వ నంబరు, చాలును. (నేడు హోటళ్లలో కౌజు పేర వడ్డించునది చాలవరకు పెంపకపు జపాను పూరేడు, ఆ సంగతి వేరు.)

కుందా పొడవును చూడవలెను. కన్నులు మూసి తుపాకిని భుజమున కానించి, తెరచినచో చూపు గొట్టము వెంబడి తిన్నగా పోవలెను. తాతగారి తుపాకి మనుమనికి సరిపడుట అరుదు.

చట్టమునకు ముందటి రోజులలో, దేవరకొండ వైపున, మేమును పొడుగు గొట్టపు గొప్పతో దూరపు కౌజును కొట్టితిమి. కాలు విరిగి పొదలలో దూరినది. సాయంకాలము వరకు వెదకితిమి, దొరకలేదు. మరునాడు తెల్లవారుజామున ఆ గట్టుననే మరియొక కౌజు ఆగకుండ కూయుచుండెను. అటుపిమ్మట 35 గజములు దాటిన పిట్టపై మీట నొక్కలేదు.

ఇప్పుడును ఆ గట్లకు పోవుచుందుము, దుర్భిణీతో. దానికి లైసెన్సు అక్కరలేదు.