ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి?

(మహిళా రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాసింది నలుగురి ముందు చదవడమంటే మనలో చాలామందికి భయం. ఇంకా కుదరలేదంటూ బీరువాలో చీరల కింద దాచుకుంటాం. ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. ఆడపిల్ల నోరు విప్పితే తప్పుపట్టే ఇళ్ళల్లో పెరిగాం. ఇక తప్పులున్న రాతను చేతులారా ఎలా చూపిస్తాం? ఈ విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను.

కొన్నేళ్ళ క్రితం మా బృందం కోసం గృహహింస మీద ఒక వీధి నాటిక రాశాను. చివర్లో భార్య 498-ఎ కింద కేసు పెడుతుంది, పోలీసులు భర్తను తీసుకుపోతారు, అందరం పాట పాడతాం. (1983లో వచ్చిన ఆ సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ ఉంది.) మెరుగులు దిద్దాకే బయటపెడదామనుకున్నాను. మా వాళ్ళు ఒప్పుకోలేదు. కొట్టివేతలున్న ఆ కాగితాలతోనే హైదరాబాదులో ఒక బస్తీకి వెళ్ళి చదివాను.

ముందు ఒక ముసలామె నవ్వింది. "గృహహింస అని మాలో ఎవరంటరు బిడ్డా? కొడ్తుండు అంటం" అంది. తర్వాత, ఇళ్ళల్లో పనిచేసే ఒకామె అడిగింది: "వాణ్ణి తీస్కపోయిన్రు, మంచిదే అక్కా. ఆ రాత్రి పిల్లల్ని పట్టుకొని ఆమె ఏడ పండాలె? అత్త తలుపు తీస్తదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చేదాకా కోపంగానే ఉంది. నాటికలో అన్నీ చెప్పగలమా అని సర్దిచెప్పుకున్నాను. కానీ నేను భర్తకు పడే శిక్ష దగ్గర ఆగిపోయాను, ఆమె భార్య బతుకు గురించి అడిగింది.

అప్పుడు 2005 నాటి గృహహింస చట్టాన్ని శ్రద్ధగా చదివాను. అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు తన పేరున లేకపోయినా, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉందని 17వ సెక్షన్ చెబుతుంది. ఆమెను వెళ్ళగొట్టకూడదని, అవసరమైతే భర్తనే బయటికి వెళ్ళమని మెజిస్ట్రేటు 19వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాని అమలుకు సాయపడమని పోలీసులను ఆదేశించవచ్చు. నాటిక చివరి దృశ్యాన్ని పోలీసు స్టేషను నుంచి ఆ ఇంటి గడప దగ్గరికి మార్చాను.

అన్ని విమర్శలనూ తలకెత్తుకోమని కాదు. భార్య సర్దుకుపోయినట్టు ముగిస్తే బాగుంటుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. దాన్ని తీసుకోలేదు. బస్తీలో ఆమె వేసిన ప్రశ్న నా పాత్రకు ఇంకాస్త బతుకునిచ్చింది. ఆయన సలహా ఆమె నోరు మూయిస్తోంది. విమర్శ విన్నప్పుడల్లా నేను చూసుకునే తేడా ఇదే.

చదివే ధైర్యం ఒకరికి ఉంటే చాలదు, వినేవాళ్ళకూ బాధ్యత ఉంది. రాసినామె మీద తీర్పు చెప్పొద్దు, రాత గురించి అడుగుదాం. వచ్చే సమావేశానికి మీ చిత్తుప్రతులు తీసుకురండి. తిరగరాయకుండానే తీసుకురండి.