ఇంటి సర్వరు

నంద్యాల సీమవారికి నీటిని గూర్చి రెండు విధములైన అనుభవములు కలవు. ఒకటి కె.సి. కాలువ. తుంగభద్రపై సుంకేసుల ఆనకట్టవద్ద బయలుదేరి కడప వరకు పోవు ఈ కాలువను మొదట త్రవ్వించినది ప్రభుత్వము కాదు; మదరాసు ఇరిగేషన్ కంపెనీ అను ఒక ఇంగ్లీషు కంపెనీ. వ్యాపారము గిట్టుబాటు కాకపోగా 1882లో ప్రభుత్వము దానిని కొనవలసి వచ్చినది. రెండవది పెరటి బావి. కాలువ నీరు విస్తారము. కాని అది ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు ఆగునో ఎగువనున్నవారు నిర్ణయింతురు. బావినీరు కొంచెమే, కాని చేద మన చేతిలో నుండును. ఐతే పూడిక తీయవలసిన భారము కూడ మనదే.

నేడు మన కుటుంబముల జ్ఞాపకములు కాలువనీటి వంటివైనవి. పెండ్లి ఫోటోలు, పిల్లల తొలి పలుకులు, పొలము పాసుపుస్తకపు నకళ్ళు, పరీక్షల మార్కుల పత్రములు, ఇవన్నియు చేతిలోని ఫోనునుండి ఎక్కడనో దూరమందలి యంత్రశాలలకు చేరుచున్నవి. దీనినే క్లౌడు అనుచున్నారు. పేరునకు మేఘమే గాని అది ఆకాశమున లేదు. ఒకరి స్థలములో, ఒకరి డిస్కుపై, ఒకరి షరతులకు లోబడి యున్నది. ఆ షరతులు మారుచుండును. కొంత నాణ్యత తగ్గించిన ఫోటోలను పరిమితి లేకుండ ఉచితముగా దాచుకొనుటకు గూగుల్ ఫోటోస్ ఇచ్చిన సౌకర్యము 2021 జూన్ 1తో ముగిసినది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడినవి. రచ్చబండ అను తెలుగు సాహిత్య చర్చాబృందము ఏండ్ల తరబడి నడచినది అచ్చటనే. ఇందులో ఎవరో మోసము చేసినారని మా అభిప్రాయము కాదు. కాలువ యజమాని తన లెక్క తాను చూచుకొనును, అంతియే.

కావున పెరటిలో ఒక చిన్న బావి యుండిన బాగుండునని మాకు తోచినది. ఇంటి సర్వరు అనగా అదియే.

సర్వరు అన్న మాట విని చాలమంది జంకుదురు. అది పెద్ద కంపెనీలలో చల్లని గదులందుండు యంత్రమని తలంతురు. కాని సర్వరు అనునది యంత్రము పేరు కాదు, అది చేయు పని పేరు. ఇతర యంత్రములు అడిగినపుడు బదులిచ్చుటకై రేయింబవళ్ళు మేల్కొని యుండు కంప్యూటరు ఏదైనను సర్వరే. మూలను పడియున్న పాత ల్యాప్‌టాపు కూడ ఈ పనికి చాలును. నిజమునకు అదియే మేలు. దాని లోపలి బ్యాటరీ ఇంకను పనిచేయుచున్నచో కరెంటు పోయినపుడు కొంతసేపు అది తనంతట తానే నిలువగలదు.

ఖర్చు సంగతి లెక్క చూడుడు. పాత డెస్క్‌టాపు 60 వాట్లు తీసికొనుననుకొందము. రోజుకు 24 గంటలు, నెలకు 30 దినములు నడచినచో 43 యూనిట్లకు పైగా కాలును. 15 వాట్లు చాలు ల్యాప్‌టాపునకు 11 యూనిట్ల లోపే. 5 వాట్లతో నడచు అరచేతి యంత్రమునకు 4 యూనిట్ల లోపే. రాస్ప్‌బెర్రీ పై అను అట్టి చిన్న యంత్రము 2012లో ఇంగ్లండునుండి వెలువడినది. ఎడతెగక నడచు యంత్రమునకు కొన్న ధరకంటె కాల్చు కరెంటే ముఖ్యమని దీనివలన తెలియును.

యంత్రమును నడపు లిపికి వెల లేదు. 1993లో ప్రారంభమైన డెబియన్ అను లినక్సు వ్యవస్థను ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. దాని లోపలి వ్రాత యంతయు చదువవచ్చును, మార్చుకొనవచ్చును. మన తెలుగునాట ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారము చేయుటకు హైదరాబాదునందు స్వేచ్ఛ అను సంస్థ చిరకాలముగా కృషి సలుపుచున్నది. సామాన్యుడు తన యింటనే తన సర్వరును నడుపుకొనవలెనని 2010లో ఎబెన్ మోగ్లెన్ అను న్యాయశాస్త్రాచార్యుడు న్యూయార్కులో చేసిన ప్రసంగము ఫ్రీడంబాక్సు అను పథకమునకు బీజమైనది. అది కూడ డెబియన్ పైననే నిర్మింపబడినది. మేము డెబియన్‌నే నేరుగా ఎక్కించి, దానిపై ఫోనులలోని ఫోటోలను, పత్రములను తెచ్చి దాచు నెక్స్ట్‌క్లౌడ్ అను కార్యక్రమమును పెట్టుకొంటిమి.

ఇక నెట్‌వర్కు సంగతి. ఫైబరు తీగ ఇంటిలోనికి వచ్చి ఒక చిన్న పెట్టెలో ముగియును. అచటినుండి రౌటరు ఇంటిలోని ప్రతి పరికరమునకు ఒక అంకెల చిరునామా నిచ్చును. ఆ అంకెలు తరచుగా 192.168 అని మొదలగును. ఇవి ఇంటిలోపలి పిలుపులు మాత్రమే. బుజ్జి, చిన్ని అను ముద్దుపేర్లు ప్రతి యింటను ఉన్నట్లే ఈ అంకెలును ప్రతి యింట నుండును. బయటివారు ఆ పేరున ఉత్తరము వ్రాసిన చేరదు. లోకమునకంతకు తెలిసిన చిరునామాలు పాత పద్ధతిలో మొత్తము 429 కోట్లు మాత్రమే. అవి ఎప్పుడో చాలకపోయినవి. అందుచేత అనేక కంపెనీలు వందల యిండ్లను ఒకే చిరునామా వెనుక నిలుపుచున్నవి. అట్టి యింటినుండి బయటకు పోవచ్చునుగాని బయటినుండి ఆ యింటి తలుపు తట్టుట కుదరదు. సర్వరు పెట్టుకొనువారు మొదట విచారింపవలసినది ఇదియే. మేము కొంత రుసుము చెల్లించి నంద్యాల యింటికి స్థిరమైన చిరునామా నొకదానిని తీసికొంటిమి.

తలుపు ఉన్నదని బార్లా తెరచి యుంచరాదు. కొత్త చిరునామా కనబడిన కొలది సేపటికే దానిని తట్టి చూచు దొంగ యంత్రములు లోకమున కోకొల్లలు. మేము ఒక్క ద్వారమునే ఉంచి, దానికి వైర్‌గార్డ్ అను కావలి పెట్టితిమి. 2020లో లినక్సు మూలభాగమందే చేరిన ఈ కావలి గుణము విచిత్రము. తాళపుచెవి లేనివారు తట్టినచో లేదు అని కూడ చెప్పదు, మౌనముగా నుండును. అచట తలుపున్నదని కూడ వారికి తెలియదు.

యంత్రమును ఎక్కడ నుంచవలెను? మా సీమలో మేనెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అటకమీద, మిద్దెకు ఆనుకొని, బీరువాలోపల ఉంచినచో యంత్రము ఉడికిపోవును. నేలకు దగ్గరగా, ఉత్తరపు గోడప్రక్క, గాలియాడు చోట ఉంచవలెను. నెలకొకసారి దుమ్ము దులుపవలెను. కరెంటు పోవుటకంటె తిరిగి వచ్చుట ప్రమాదకరము. వచ్చునపుడు ఒక్క ఊపున వచ్చును. కావున రౌటరునకు, డిస్కునకు ఇన్వర్టరు రక్షణ అవసరము.

ఇంతవరకు చెప్పినది బావి త్రవ్వుట. పూడిక తీయుట ఇంకను చెప్పవలసి యున్నది.

డిస్కు ఒకనాటికి చెడును. చెడునా అన్నది ప్రశ్న కాదు, ఎప్పుడన్నదే ప్రశ్న. ఒకే పెట్టెలో రెండు డిస్కులుంచి రెంటను ఒకేసారి వ్రాయు పద్ధతి కలదు. అది డిస్కు చెడినపుడు అక్కరకు వచ్చును గాని, పొరపాటున ఒక ఫోటోను చెరిపినచో రెండు డిస్కులలోను ఒకేసారి చెరిగిపోవును. దొంగ పడినను, నీరు వచ్చినను రెండును ఒకేసారి పోవును. 2009 అక్టోబరు ఆరంభమున కర్నూలు పట్టణమును వరద ముంచినపుడు ఎన్నో యిండ్లలో కాగితములు, ఫోటోలు బురదపాలైనవి. అందుచేత మూడు ప్రతులుండవలెననియు, అవి రెండు తీరుల సాధనములపై నుండవలెననియు, ఒకటి వేరొక ఊర నుండవలెననియు పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు చెప్పిన నియమము లోకమున వ్యాపించినది.

మాకు ఆ వేరొక ఊరు ఆళ్ళగడ్డ. నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. అచట మా మేనత్త గారి యిల్లు కలదు. రెండవ యంత్రమును ఆ యింట ఉంచితిమి. మొదటి ప్రతిని తీగపై పంపలేదు. ఒక టెరాబైటు సమాచారమును సెకనుకు 10 మెగాబిట్ల వేగమున పంపిన తొమ్మిది దినములకు పైగా పట్టును. డిస్కును సంచిలో వేసికొని ఆర్టీసీ బస్సెక్కిన ఒక్క పూటలో పని ముగియును. తరువాత ప్రతి రాత్రి మారినంత మేరకే పంపుటకు ఆర్‌సింక్ అను సాధనమును నియమించితిమి. 1996లో వెలువడిన ఈ సాధనము రెండు చోట్లనున్న ప్రతులను ముక్కలు ముక్కలుగా పోల్చి, తేడా యున్న ముక్కలనే పంపును. ఆళ్ళగడ్డ యంత్రమే నంద్యాల చిరునామాను పిలుచునట్లు ఏర్పరచుటచేత ఆ యింటికి వేరుగా స్థిరమైన చిరునామా అక్కరలేకపోయినది. సంక్రాంతి వరకు అంతయు సక్రమముగా సాగినది. మేమును నిశ్చింతగా ఉంటిమి.

ఆ ఫిబ్రవరిలో మా అవ్వ మా యింట నుండగా ఆమె పాడిన పెండ్లిపాటలు పదకొండింటిని ఫోనులో పట్టితిమి. ఫోను నిండిపోయినందున, సర్వరునకు చేరినవని చూచుకొని, ఫోనులోనివి తీసివేసితిమి. ఏప్రిలులో అవ్వ కాలము చేసినది. మేనెలలో ఒక మధ్యాహ్నము కరెంటు పోయి వచ్చినది. డిస్కు టకటకమని కొట్టుకొని ఆగిపోయినది. ఇన్వర్టరు బ్యాటరీలో నీరు ఎండిపోయిన సంగతిని మేము ఆలస్యముగా గమనించితిమి.

ఐనను మాకు భయము కలుగలేదు. ఆళ్ళగడ్డలో ప్రతి యున్నది కదా! మరునాడు పోయి చూడగా యంత్రము దీపము వెలుగుట లేదు. ప్లగ్గు గోడప్రక్క వ్రేలాడుచున్నది. అత్తను అడిగితిమి.

“సంక్రాంతికి అల్మారా సర్దినాము గదా నాయనా, అప్పుడు పీకేసినా. రాత్రంతా ఊరికే దీపం వెలుగుతాంటే కరెంటు దండగ గదా అనుకున్యా. ఏం, దాంట్లో ఏమన్నా ఉండెనా?”

ఆమెకు ఏమి చెప్పగలము? ఉండినవి, లేనివి. సంక్రాంతి వరకు ఉన్నవి. అవ్వ పాటలు లేవు. తరువాత వెదకగా, పాడిననాడే ఒక పినతండ్రి కుమార్తెకు వాట్సాప్‌లో పంపిన రెండు పాటలు మాత్రము ఆమె ఫోనులో దొరకినవి. తక్కిన తొమ్మిది పోయినవి.

తప్పు అత్తది కాదు. ఆ పెట్టె ఏమిటో, అందులో ఏమున్నదో ఆమెకు మేము ఒక్క మాటైనను చెప్పియుండలేదు. మూల నొక దీపమును వెలిగించి వచ్చి, దానిని కాపాడుమని చెప్పకపోయిన, పొదుపరియైన ఇల్లాలు దానిని ఆర్పుట ధర్మమే. నాలుగు నెలలు ప్రతి ఆగిపోయినను మాకు తెలియకుండుట మా రెండవ తప్పు. ప్రతి ఉన్నదనుకొనుటయే గాని, ఒక్కసారియైనను దానినుండి ఒక ఫోటోను వెనుకకు తెచ్చి చూడకుండుట మూడవది.

ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధి. అచట రాతిలో మలచిన విగ్రహమును ఎవరు చూడకున్నను అది నూరేండ్లు నిలుచును. డిస్కుపై వ్రాసిన అక్షరమునకు ఆ గుణము లేదు. ఎవరో ఒకరు దానిని చూచుచు, మరల మరల ప్రతి తీయుచున్నంతకాలమే అది బ్రదుకును. రాతికి శిల్పి చాలును. దీనికి కాపరి కావలెను.

నాటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. రాత్రి ప్రతి పూర్తియైనంతనే రెండు యిండ్లకును ఫోనులో ఒక సందేశము వచ్చును. రెండు దినములు రానిచో ఏదో చెడినట్లే. ప్రతి నెల మొదటి ఆదివారమున ఆళ్ళగడ్డ ప్రతినుండి పది వస్తువులను వెనుకకు తెచ్చి, తెరచి చూతుము. వినదగినదైనచో చివరివరకు విందుము. మూడవ ప్రతిని వేరొక డిస్కుపై తీసి, తీగకు తగిలింపక బీరువాలో దాతుము. ప్రతి చేరి, తెరచి చూచువరకు ఫోనులోనిది చెరుపము. యంత్రము ప్రక్కన గోడపై తెలుగులో పెద్ద అక్షరములతో ఒక కాగితము అంటించితిమి. ఇది ఏమి, ఎందుకు, ఆగినచో ఎట్లు నడపవలెను, ఎవరికి ఫోను చేయవలెను అను సంగతులు అందున్నవి. తాళపు మాటలను వ్రాసి కవరులో ఉంచి ఇంటి దస్తావేజులతో కలిపితిమి. ఏలయన, నడపువాడు లేనినాడు కూడ ఇంటివారు దానిని తెరువగలుగవలెను.

అందరును సర్వరు పెట్టుకొనవలెనని మేము చెప్పము. నెలకు రెండు గంటలు దానికై వెచ్చింపలేనివారికి కాలువనీరే మేలు. వారు ఇంట ఒక డిస్కుపై అదనపు ప్రతి ఉంచుకొనిన చాలును. పెట్టుకొనదలచినవారు మాత్రము యంత్రము కొనుటకు ముందు ఇంటివారిని కూర్చుండబెట్టి దానిని గూర్చి చెప్పవలెను.

ఇప్పుడు ఆళ్ళగడ్డ యింట ఆ దీపమును కనిపెట్టునది మా అత్తయే. మొన్న తెల్లవారుజామున ఫోను చేసి, “రాత్రి సందేశం రాలేదు నాయనా, పెట్టె మాత్రం వెలుగుతానే ఉంది, చూడు” అన్నది. చూడగా నంద్యాలలోనే తీగ ఊడియుండినది. తీగను బిగించి, ఆనాటి ప్రతి పూర్తియగువరకు వేచి, అవ్వ పాటలు రెంటిని తెరచి వింటిమి. రెండును చివరివరకు పలికినవి.